హాల్లో చెప్పిన పాఠం ఎవరి సర్వర్‌లో ఉండాలి?

జర్మనీ యూనివర్సిటీల్లో క్లాసు పదింటికని టైంటేబుల్లో ఉంటే, చాలాచోట్ల పాఠం మొదలయ్యేది పదీ పావుకి. ఆ పావుగంట పాతకాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. తొంభై నిమిషాల పాఠం ముగిశాక పిల్లలు చప్పట్లు కొట్టరు, వేళ్లు మడిచి బల్ల మీద టకటకా కొడతారు. హాల్లో రికార్డింగ్ ఏర్పాటు చేసేవాళ్లకు ఈ రెండు సంగతులూ తెలిసి ఉండాలి. మొదటిది తెలియకపోతే ప్రతి వీడియో మొదట్లో పదిహేను నిమిషాలు ఖాళీ స్టేజీ కనిపిస్తుంది. రెండోది తెలియక మైకు తీసుకెళ్లి బల్లకి బిగిస్తే, చివర్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ల చెవులు అదిరిపోతాయి.

ఉత్తర జర్మనీలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో నా ఉద్యోగం. పెద్ద హాళ్లలో జరిగే పాఠాలను రికార్డ్ చేసి పిల్లలకు అందించడం మా టీమ్ పని. పాత సిస్టమ్‌కి రోజులు దగ్గరపడి కొత్తది ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ కమిటీలో నన్నూ వేశారు. ఓపెన్ సోర్స్ వైపే, అంటే కోడ్ ఎవరైనా చూసి, మార్చుకుని, వాడుకోగలిగే సాఫ్ట్‌వేర్ వైపే వెళ్దామని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో నేనొకణ్ణి.

ఈ విషయంలో నా పట్టుదలకు కారణం ఉంది. కాకినాడలో బీటెక్ చదివేటప్పుడు సిగ్నల్స్ సబ్జెక్టు నాకు అర్థమైంది ఎన్‌పీటెల్ వీడియోల వల్లే. 2003లో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన ఆ పాఠాలు హాస్టల్ రూముల్లో పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారేవి. తర్వాత మాస్టర్స్‌కి ఇక్కడికొచ్చాను. కోర్సు ఇంగ్లీషులోనే అన్నారు గానీ కొన్ని మంచి సబ్జెక్టులు జర్మన్‌లోనే చెప్పేవాళ్లు. రికార్డింగ్ ఉన్న సబ్జెక్టుల్ని పది సెకన్లు వెనక్కి, మళ్లీ పది సెకన్లు వెనక్కి జరుపుకుంటూ చదివి గట్టెక్కాను. రికార్డింగ్ లేనివాటికి స్నేహితుల నోట్సే దిక్కు. పరాయి భాషలో చదివే పిల్లలకు, పొద్దున ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు, సరిగా వినపడనివాళ్లకు రికార్డింగ్ ఎంత అవసరమో నేను కమిటీలో నా అనుభవం నుంచే చెప్పాను.

మార్కెట్లో సరుకుకి కొదవ లేదు. డబ్బు కట్టి వాడుకునే క్లౌడ్ సర్వీసులు చాలా ఉన్నాయి, వాటిలో పనితనమూ ఉంది. ఓపెన్ సోర్స్‌లో చూస్తే, కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో 2007లో పుట్టిన బిగ్‌బ్లూబటన్ ఆన్‌లైన్ క్లాసుకి బాగుంటుంది. కానీ అది హాల్లో కెమెరా, ప్రొజెక్టర్, టైంటేబుల్ చూసుకునే పనికి పుట్టింది కాదు. ఫ్రాన్స్ యూనివర్సిటీలు వాడే ఎసుప్-పాడ్ వీడియో పోర్టల్‌గా ముచ్చటగా ఉంటుంది. పీర్‌ట్యూబ్ వీడియోలు ప్రచురించడానికి మేలైనదే గానీ హాల్లో రికార్డింగ్‌తో దానికి పనిలేదు. చివరికి మేం తేల్చుకున్నది ఓపెన్‌కాస్ట్.

దాని పుట్టుక నాకు ఇష్టమైన కథ. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ ముందుండి, అమెరికా, యూరప్ యూనివర్సిటీలు కొన్ని కలిసి, మెలన్, హ్యూలెట్ ఫౌండేషన్ల డబ్బు సాయంతో దీన్ని మొదలుపెట్టాయి. మొదటి వెర్షన్ 2010లో మాటర్‌హార్న్ అనే పేరుతో వచ్చింది. 2015లో ఓపెన్‌కాస్ట్ అయింది. పాఠం చెప్పే చోటే, అక్కడి అవసరాలు తెలిసినవాళ్లే రాసుకున్న సాఫ్ట్‌వేర్ ఇది. రెండు వీడియోలను పక్కపక్కన చూపించే పాయెల్లా ప్లేయర్ స్పెయిన్‌లోని వలెన్సియా పాలిటెక్నిక్ యూనివర్సిటీది. ఒకరు రాసింది అందరికీ అందుతుంది. మేం ఒక చిన్న లోపం సరిచేసి పంపితే, ఎవరో ముక్కూమొహం తెలియని ఇంజినీరు దాన్ని ఓపిగ్గా చదివి, తప్పులు చెప్పి, చివరికి కలుపుకున్నాడు. మా ఊళ్లో సరిచేసింది దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ యూనివర్సిటీ పిల్లలకూ పనికొస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆ సిస్టమ్ హాల్లో పనిచేసే తీరు. ప్రతి హాల్లోనూ క్యాప్చర్ ఏజెంట్ అనే పెట్టె ఒకటి ఉంటుంది. అది సర్వర్ నుంచి టైంటేబుల్‌ని క్యాలెండర్ ఫైలుగా తెచ్చుకుని తన దగ్గరే పెట్టుకుంటుంది. టైమ్ కాగానే ఎవరూ బటన్ నొక్కకుండా, కెమెరా బొమ్మ ఒకటి, ప్రొజెక్టర్ మీది స్లైడ్లు ఒకటి, విడివిడిగా రికార్డ్ చేస్తుంది. మధ్యలో నెట్‌వర్క్ పోయినా ఆగదు. పాఠం తన డిస్క్ మీద దాచుకుని, లైను వచ్చాక సర్వర్‌కి పంపుతుంది. అక్కడ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ దాన్ని రకరకాల సైజుల్లోకి మారుస్తుంది, టెసరాక్ట్ అనే ఇంకో ప్రోగ్రామ్ స్లైడ్ల మీది అక్షరాలను చదివి వెతకడానికి వీలుగా పెడుతుంది. పరీక్ష ముందురోజు రాత్రి ఒక పదం కొట్టి, ఆ స్లైడ్ వచ్చిన నిమిషానికి నేరుగా వెళ్లే పిల్లల్ని తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

లైసెన్సు ఫీజు లేదు కాబట్టి ఖర్చు లేదనుకుంటే మోసపోతాం. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున తొంభై నిమిషాలు రికార్డ్ చేస్తే ఒక్క వీడియోకే దాదాపు 3.4 గిగాబైట్లు. అలాంటివి పాఠానికి రెండు, రోజుకి ఎన్నో పాఠాలు, సెమిస్టర్ పొడవునా. డిస్కులు కావాలి, సర్వర్లు కావాలి, ఏడాదికి రెండుసార్లు వచ్చే పెద్ద వెర్షన్లకు మారేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసే మనుషులు కావాలి. ఫైనాన్స్ నుంచి వచ్చిన అధికారి ఇదే అడిగాడు: "మనుషులకి జీతాలివ్వడం కంటే కంపెనీకి ఫీజు కట్టేయడం తేలిక కదా?" ప్రశ్న సబబైనదే. మా మేనేజర్ చెప్పిన జవాబు నాకు బాగా గుర్తు: "ఫీజు కట్టడం ఆపిన రోజు మన దగ్గర ఏమీ మిగలదండీ. మనుషుల మీద పెడితే కనీసం పని మిగులుతుంది." నిర్వహించే మనుషుల్ని పెట్టుకోలేని సంస్థ ఓపెన్ సోర్స్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నేనూ అంటాను. ఒక్కడే తెలిసినవాడు ఉండి, వాడు ఉద్యోగం మారితే పిల్లల పాఠాలు ఆగిపోతాయి.

అయినా మేం ఇటే మొగ్గడానికి డబ్బు లెక్క కంటే పెద్ద కారణం ఉంది. 2020 జులైలో యూరప్ న్యాయస్థానం, అమెరికాకి డేటా పంపడానికి ఆధారంగా ఉన్న ప్రైవసీ షీల్డ్ ఒప్పందాన్ని కొట్టేసింది. 2023లో దాని స్థానంలో ఇంకో ఒప్పందం వచ్చింది. కానీ ఒక ప్రొఫెసర్ మొహం, గొంతు, తరగతిలో అన్న మాట ఏ దేశపు చట్టం కింద ఉంటుందన్నది కోర్టు తీర్పు వచ్చినప్పుడల్లా మారిపోతుంటే, ఆయన్ని ధైర్యంగా కెమెరా ముందుకి రమ్మని ఎలా అడుగుతాం? సర్వర్ మా బేస్‌మెంట్‌లో ఉంటే, "తీసెయ్యండి" అన్న రోజున తీసేశామని ఆయన కళ్లలోకి చూసి చెప్పగలం.

ఈ "తీసెయ్యండి" మీదే ఎక్కువ చర్చ జరిగింది. ఇక్కడ ఉద్యోగుల తరఫున పెర్సోనాల్‌రాట్ అని ఎన్నికైన మండలి ఉంటుంది. ఉద్యోగి పనిని గమనించడానికి వీలున్న ఏ యంత్రం పెట్టాలన్నా వాళ్ల సమ్మతి ఉండాలి. మొదట్లో నాకిది ఆలస్యంలా కనిపించేది. కూర్చుని విన్నాక వాళ్ల మాటలో న్యాయం కనిపించింది. రికార్డింగ్ ఉంది కదా అని వచ్చే ఏడాది లెక్చరర్ పోస్టు తీసేస్తే? ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఏ మాట తడబడ్డారో పైవాళ్లు చూస్తే? చివరికి రాతపూర్వకంగా ఒప్పందం కుదిరింది. రికార్డింగ్ పాఠం చెప్పేవాళ్ల ఇష్టం. వాళ్లు చూసి, కావాలంటే కత్తిరించాకే పిల్లలకు కనిపిస్తుంది. పనితీరు అంచనాకి వాడకూడదు. గడువు తీరాక తుడిచెయ్యాలి. కెమెరాకి స్టేజీ మాత్రమే కనపడాలి, రికార్డ్ అవుతున్నంతసేపూ ఎర్ర లైటు వెలగాలి. ఓపెన్‌కాస్ట్‌లో పని ఏ మెట్టు దగ్గర ఆగి మనిషి కోసం ఎదురుచూడాలో మనమే రాసుకోవచ్చు కాబట్టి, ఈ షరతులన్నీ సిస్టమ్‌లోనే పెట్టగలిగాం.

గణితం ప్రొఫెసర్ ఒకాయన స్లైడ్లు వాడరు. పైకీ కిందకీ జరిగే నల్లబల్లల నిండా సుద్దముక్కతో రాస్తారు. "నా చేతిరాత చివరి వరుస కుర్రాడికి కనిపించినంత స్పష్టంగా వీడియోలో కనిపిస్తేనే ఒప్పుకుంటాను" అన్నారు. ట్రయల్ వీడియోలో ఒక సబ్‌స్క్రిప్ట్, అంటే అక్షరం పక్కన కిందికి రాసే చిన్న అక్షరం, చూపించి, అది ఐయా, జేయా చెప్పమన్నారు. చెప్పలేకపోయాం. ఆయన కోసం ఆ హాల్లో బల్ల మీదికి విడిగా లైట్లు, ఎక్కువ రిజల్యూషన్ కెమెరా పెట్టించాం. మా హాల్ టెక్నీషియన్ మాత్రం మొదటిరోజు నుంచీ ఒకటే మాట: "బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే కట్టేస్తారు. ముందు మైకు చూడండి." నా లెక్కలో ఈ మొత్తం ఎంపికలో అతి విలువైన సలహా అదే. అప్పటినుంచి లెక్చరర్లందరికీ కాలర్ మైకులిస్తున్నాం. పిల్లలు అడిగిన ప్రశ్నని మళ్లీ ఒకసారి పైకి చెప్పమని బతిమాలుతున్నాం కూడా. మాట స్పష్టంగా ఉంటే సబ్‌టైటిల్స్ పనీ సులువవుతుంది. విన్న మాటని అక్షరాల్లోకి మార్చే, 2022లో విడుదలైన విస్పర్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్‌కాస్ట్‌కి తగిలించి, మాట బయటికి పోకుండా మా సర్వర్ మీదే సబ్‌టైటిల్స్ తయారుచేస్తున్నాం.

నరసరావుపేట దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మా తమ్ముడు ఈ మధ్య ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అది ఫ్రీనే కదా, మా కాలేజీలో పెట్టించెయ్యొచ్చా? మా ప్రిన్సిపాల్ గారు ఉత్సాహంగానే ఉన్నారు." ఎవరు చూసుకుంటారురా అని అడిగాను. ల్యాబ్ అసిస్టెంట్ ఒక్కడే ఉన్నాడట. అయితే ఇప్పుడే వద్దన్నాను. బ్రౌజర్లోనే నడిచే ఓపెన్‌కాస్ట్ స్టూడియో ఉంది, స్క్రీన్, కెమెరా రెండూ రికార్డ్ చేసి ఫైలు మన ల్యాప్‌టాప్‌లోనే దాచుకోవచ్చు, దానికి సర్వర్ అక్కర్లేదు. ఒక మంచి కాలర్ మైకు కొని దాంతో ఒక సెమిస్టర్ నడపమన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను: కెమెరా కంటే ముందు, పాఠం చెప్పేవాళ్లకీ కాలేజీకీ మధ్య ఒక కాగితం రాసుకోండి. ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లుంచాలి, ఎవరు తీసెయ్యమనొచ్చు అన్నవి అందులో ఉండాలి. వాడు తెలుగులో ఒక ముసాయిదా రాసి పంపాడు. ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన లెక్చరర్ పాఠాలను కాలేజీ వాడుకోవచ్చా అన్న దగ్గర ఇద్దరం ఆగాం. వాడుకోకూడదని వాడు, అనుమతి అడిగి వాడుకోవచ్చని నేను. ఆదివారం మళ్లీ మాట్లాడుకోవాలి.