ఒత్తు దగ్గర తెగిన సర్వర్

ఒడిశాలోని మా బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో, ఒకనాటి సాయంత్రం, నేను రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన వెబ్ సర్వర్ ‘నెమలి పట్టుచీర’ అన్న రెండు మాటల దగ్గర తడబడి, ఆ తరువాత వచ్చిన ప్రతి ఒక్కరికీ తలుపు మూసేసింది. సర్వర్ చచ్చిపోలేదు, చచ్చిపోయి ఉంటే తిరిగి దానంతటదే లేచేది. ప్రాణంతో ఉండి ఎవరికీ జవాబు చెప్పకపోవడమే అసలు చిక్కు. అది ఎందుకు జరిగిందో, దానివల్ల స్కేలబుల్ (రద్దీ పెరిగేకొద్దీ దానికి తగ్గట్టు పెరగగలిగేది) అన్న మాట గురించి నా అభిప్రాయం ఎలా మారిందో ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా వీధిలో ఇంటింటా కాకపోయినా ఇంకా పట్టు మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. తరాల క్రితం తెలుగునాట నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన నేతగాళ్ళ కుటుంబాలవి. కోవెల గోపురాల వంటి కుంభాలు అంచున దిగే బరంపురం పట్టుకు గంజాం జిల్లాలోనూ, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం, సోంపేట వైపునా గిరాకీ ఉంది. మా బాబాయి ఆ చీరల వ్యాపారి. ఒక్కొక్క చీర ఒక్కొక్కటే ఉంటుంది. అదే రంగు, అదే అంచు రెండోది కావాలంటే మళ్ళీ మగ్గం ఎక్కించాలి. ఫొటోలు పెట్టి, బుకింగ్ తీసుకునే చిన్న వెబ్‌సైట్ కావాలని ఆయన అడిగితే, మొదట పైథాన్‌లో నాలుగు రోజుల్లో రాసి ఇచ్చాను. నెల తిరగకముందే ఒకే చీరను ఇద్దరు బుక్ చేసుకున్నారు.

“ఏరా, చీర నీదే అని ఛత్రపురం ఆవిడకీ చెప్పింది, ఇచ్ఛాపురం ఆవిడకీ చెప్పింది. ఇంతకీ చీర ఎవరిదిరా?” అని బాబాయి అడిగాడు. జరిగింది ఇదీ: సర్వర్‌లో నాలుగు ప్రాసెస్‌లు నడుస్తున్నాయి, అంటే ఒకే ప్రోగ్రామ్ నాలుగు ప్రతులుగా పనిచేస్తోంది; ఒకటి ‘చీర ఉందా’ అని చూసి, ‘అమ్ముడుపోయింది’ అని రాసే లోపల ఇంకొకటి కూడా వచ్చి ‘ఉందా’ అని చూసి వెళ్ళింది. చూడడానికీ రాయడానికీ మధ్య ఉన్న ఆ సందులో ఇద్దరు దూరారు. తప్పు నా రాతలో ఉంది, భాషలో లేదు. అయితే ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు. ఇలాంటి పోటీలను కంపైల్ చేసేటప్పుడే, అంటే రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చేటప్పుడే, పట్టుకునే భాష ఒకటుందని విని, దాని వెంట పడ్డాను.

రస్ట్‌ను 2006లో గ్రేడన్ హోర్ తన సొంత పనిగా మొదలుపెట్టాడు. అతను ఉండే భవనంలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల లిఫ్ట్ ఆగిపోతే 21వ అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళవలసి వచ్చిందనీ, ఆ చిరాకులోనే ఆలోచన మొలకెత్తిందనీ చెబుతారు. తరువాత మొజిల్లా సంస్థ ఆదరించింది. 2015 మే 15న 1.0 విడుదలైంది. ఆ పేరు ఇనుప తుప్పును చూసి పెట్టింది కాదట. మన రైతులు వేరుశనగ ఆకుల మీద చూసి తల పట్టుకునే తుప్పు తెగులు ఉందే, ఆ జాతి శిలీంధ్రాల పేరట. ఎలాగైనా బతికి బట్టకట్టే జీవులని అతనికి వాటి మీద గౌరవం. మన వేరుశనగ రైతు మాత్రం తన కూతురికి ఆ పేరు పెట్టడు.

ఈ భాషలో కొత్తవాళ్ళను ఏడిపించేది యాజమాన్యపు నియమం. మెమరీలో ఉన్న ప్రతి విలువకు ఒక్కరే యజమాని. యజమాని పరిధి ముగిసిన క్షణాన ఆ మెమరీ ఖాళీ అవుతుంది, అందువల్ల చెత్త ఏరడానికి వేరే మనిషి అక్కరలేదు. ఇతరులు వాడుకోవాలంటే ఇచ్చి పుచ్చుకోవాలి. ఇంగ్లీషులో ‘బారోయింగ్’ అనే దీన్ని ‘అప్పు’ అని అనువదించడం నాకు నచ్చదు. అప్పు తెచ్చిన వంద రూపాయల నోటునే తిరిగి ఇవ్వనక్కరలేదు, ఏ నోటైనా చెల్లుతుంది. పెళ్ళికి పక్కింటి కాసులపేరు తెచ్చుకుంటే మాత్రం ఆ పేరునే, మెలిక పడకుండా, తిరిగి ఇవ్వాలి. దీనికి మనకు ‘ఎరువు’ అన్న పాత మాట ఉంది. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ అని పెద్దలు అన్నది ఆ ఎరువు గురించే. రస్ట్ కంపైలర్ చూసేది సరిగ్గా అదే: చూసి ఆనందించడానికి ఎంతమందికైనా ఎరువు ఇవ్వవచ్చు, మార్చడానికైతే ఒక్కరికే, అప్పుడు ఇంకెవరి చేతిలోనూ అది ఉండకూడదు, యజమాని పోయాక ఎరువు మిగలకూడదు. ఈ మూడూ పాటిస్తే రెండు థ్రెడ్‌లు (ఒకే ప్రోగ్రామ్ లోపల ఏకకాలంలో నడిచే పని దారులు) ఒకే మెమరీని ఒకేసారి చెరిపి రాయడం అన్నది రాయడానికే వీలుకాదు.

నేను పనులను వంతులవారీగా నడిపించే టోకియో అనే రస్ట్ లైబ్రరీ, దాని మీద నడిచే వెబ్ లైబ్రరీ యాక్సమ్‌తో మళ్ళీ రాశాను. చీరల జాబితా మొత్తాన్ని సర్వర్ మెమరీలోనే ఒక పట్టికగా పెట్టి, దానికి ఒక మ్యూటెక్స్ తాళం వేశాను. తాళం తీసినవాడే చూస్తాడు, వాడే రాస్తాడు, తరువాత తాళం వదులుతాడు. ఒకే ప్రాసెస్ కనుక ఇద్దరికి ఒక చీర అమ్మే ప్రమాదం పోయింది. 1 జీబీ మెమరీ, రెండు కోర్లు ఉన్న అతి చవక సర్వర్ మీద, ఇంతకుముందు నాలుగు ప్రాసెస్‌లతో నిండిపోయిన చోటే, ఇప్పుడు మెమరీలో చాలా భాగం ఖాళీగా కనబడింది. నిజం చెప్పాలంటే ఆ వారం నాకు కొంచెం గర్వం వచ్చింది.

అప్పుడే మొదటి దెబ్బ తగిలింది, కానీ చిన్నది. మగ్గం దగ్గరి నుండి ఫోన్‌తో తీసిన పెద్ద ఫొటోలను సర్వర్‌లో కుదించి చిన్నవి చేసే పని ఉంది. ఇద్దరు నేతగాళ్ళు ఒకేసారి ఫొటోలు పంపితే మొత్తం సైట్ కొన్ని సెకండ్లు బిగుసుకుపోయేది. టోకియో మామూలుగా ఎన్ని కోర్లుంటే అన్ని థ్రెడ్‌లనే పనికి పెడుతుంది. వేల టాస్క్‌లు (విడివిడి పనులు) ఆ కొద్దిపాటి థ్రెడ్‌ల మీదే వంతులవారీగా నడుస్తాయి. ఒక టాస్క్ ‘అవెయిట్’ అన్నచోట ఆగి చోటు వదిలితేనే ఇంకొకదానికి వంతు వస్తుంది. ఫొటో కుదించే పని మధ్యలో ఎక్కడా చోటు వదలదు. రెండు కోర్లు, రెండు ఫొటోలు, అంతే, వరుసలో అందరూ నిలబడిపోయారు. ఇటువంటి పనిని టోకియోలోని స్పాన్ బ్లాకింగ్ అనే ఏర్పాటు ద్వారా వేరే థ్రెడ్‌ల గుంపుకు అప్పగించాలి. ఈ తప్పును కంపైలర్ పట్టుకోదని గమనించాను గాని, అది పట్టుకోని తప్పులు ఇంకెన్ని ఉంటాయో అని అప్పుడు ఆలోచించి ఉండవలసింది.

ఇక ఆ యాత్ర సాయంత్రం. బుకింగ్ అయిన వెంటనే కొనుగోలుదారుకు ఎస్‌ఎంఎస్ వెళుతుంది. తెలుగు అక్షరాలతో పంపితే ఒక ఎస్‌ఎంఎస్‌లో 70 యూనిట్లే పడతాయి కనుక, చీర పేరు పొడవుగా ఉంటే మొదటి 24 బైట్ల దగ్గర కత్తిరించమని రాశాను. రస్ట్‌లో పాఠం ఎప్పుడూ యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలోనే ఉంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరం, ఖాళీ ఒక్కొక్క బైటు, తెలుగుదైనా ఒడియాదైనా ప్రతి గుర్తూ (అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఏదైనా) మూడేసి బైట్లు. 24 మూడుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టి, ఖాళీ లేకుండా రాసిన పేర్లు ఏ ఇబ్బందీ లేకుండా తెగాయి. అప్పటిదాకా బాబాయి చాలా పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాడు. ఆ వేళ ఒక ఇల్లాలు తన మగ్గం మీది చీరకు చక్కగా తెలుగులో ‘నెమలి పట్టుచీర’ అని పేరు పెట్టింది. లెక్క చూడండి: ‘నెమలి’కి ఐదు గుర్తులు, 15 బైట్లు, ఖాళీతో 16, ‘ప’తో 19, ‘ట’తో 22, ఆ తరువాత వచ్చే పొల్లు 25వ బైటుతో ముగుస్తుంది. నా కత్తెర 24 దగ్గర, అంటే ట-వత్తును కలిపే ఆ పొల్లు నడిమధ్యలో పడింది. గుర్తు మధ్యలో కోయమంటే రస్ట్ ఒప్పుకోదు. పానిక్ అయి ఆ పనిని అక్కడికక్కడే ఆపేస్తుంది.

ఒక్క టాస్క్ ఆగిపోవడం ప్రళయం కాదు, తక్కిన టాస్క్‌లు నడుస్తూనే ఉంటాయి. కాని ఆ కత్తిరింపును నేను తాళం చేతిలో ఉండగా చేశాను. తాళం పట్టుకున్నవాడు పానిక్ అయితే, పట్టిక సగం మార్చి వదిలేశాడేమో అన్న అనుమానంతో రస్ట్ ఆ మ్యూటెక్స్‌ను విషపడినదిగా గుర్తు పెడుతుంది. తరువాత తాళం అడిగినవారికి తాళం బదులు ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను పట్టించుకోకుండా నేను అన్ని చోట్లా ‘అన్‌రాప్’ అని, అంటే ఎర్రర్ వస్తే పానిక్ అవమని, రాసి పెట్టాను గనుక, వచ్చిన ప్రతి ఒక్కరూ అదే చోట పానిక్ అయ్యారు. భాష చేసింది న్యాయమే. చుట్టాలతో, డప్పులతో ఊరంతా కిక్కిరిసిన ఆ సాయంత్రం దేశీబెహరా వీధి దాటి ఇంటికి చేరి, ల్యాప్‌టాప్ తెరిచేసరికి గంటన్నర పట్టింది.

ఆ రాత్రి సర్వర్‌ను తిరిగి మొదలుపెట్టి, కత్తిరింపు తీసేసి ఊరుకున్నాను. తరువాత సరిచేసినప్పుడు గుర్తుల లెక్కన కాకుండా, కంటికి ఒకటిగా కనిపించే అక్షరాల లెక్కన కత్తిరించాను. ‘శ్రీ’ మనకు ఒక అక్షరమే అయినా, అన్ని లిపులకూ గుర్తులు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో నాలుగు గుర్తులు, 12 బైట్లు. గుర్తుల మధ్య కోస్తే పానిక్ రాదు గాని, ‘శ్’ అని మొండి అక్షరం మిగులుతుంది. తెలుగు, ఒడియా వంటి లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం యూనికోడ్ ప్రమాణంలోకి 2023లో, 15.1 వెర్షన్‌లో వచ్చింది. వాడే లైబ్రరీ ఆ తరువాతిదో కాదో చూసుకోవడం మంచిది.

అసలు దిద్దుబాటు మాత్రం వేరు. తాళంతో పాటు మెమరీలోని పట్టికనే తీసేశాను. చీరల స్థితి అంతా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి వెళ్ళింది. బుకింగ్ ఒకే ఒక్క వాక్యం అయింది: ఈ చీర ఇంకా అమ్ముడుపోకుండా ఉంటేనే అమ్ముడుపోయినట్టు రాయి, ఎన్ని వరుసలు మారాయో చెప్పు. ఒకటి అంటే చీర నీది. సున్నా అంటే నీకన్నా ముందు ఎవరో వచ్చారు. చూడడం, రాయడం ఒకే పని అయిపోయాయి, మధ్యలో దూరడానికి సందు లేదు. ఇదే వాక్యాన్ని మొదటి పైథాన్ సర్వర్‌లో రాసి ఉంటే బాబాయి ఆ ప్రశ్న అడిగి ఉండేవాడు కాదు, నేను ఈ భాష నేర్చుకుని ఉండేవాణ్ణీ కాదు. ఎరువు నియమం ఒక ప్రాసెస్ గోడల మధ్యనే పనిచేస్తుంది. సర్వర్‌లు రెండయ్యాయంటే ఒకదాని మెమరీ ఇంకొకదానికి కనబడదు, కంపైలర్‌కు ఆ రెండింటి సంగతీ తెలియదు. పట్టిక మెమరీలో ఉన్నంతకాలం నాకు రెండో సర్వర్ పెట్టే దారే లేదన్న మాట. వేగంగా ఉండడం చూసి దాన్నే స్కేలబుల్ అనుకున్నాను.

రెండో సర్వర్ పెట్టాక ఇరుకు డేటాబేస్ దగ్గరికి జరిగింది. పోస్ట్‌గ్రెస్ ఒక్కొక్క కనెక్షన్‌కు ఒక్కొక్క ప్రాసెస్‌ను నిలబెడుతుంది. మామూలు అమరికలో 100 కనెక్షన్లకు మించి ఇవ్వదు. రస్ట్ టాస్క్‌లు వేలల్లో పుట్టించడం చాలా చవక కనుక, వచ్చినవారందరినీ లోపలికి రానిచ్చి డేటాబేస్ గుమ్మం ముందు గుంపుగా నిలబెట్టడం కూడా అంతే చవక. దీన్ని బాబాయికి చెప్పబోతే ఆయనే నాకు పెళ్ళి భోజనాల లెక్క చెప్పాడు: బంతికి 50 ఆకులు పడే పందిరిలో ఒక బంతి లేవడానికి అరగంట పడితే గంటకు 100 మందే తింటారు, వంటవాడు ఎంత చురుకైనవాడైనా సరే. నా లెక్క కూడా అదే. పూల్‌లో (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) 10 కనెక్షన్లు, ఒక్కో క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) 20 మిల్లీసెకండ్లు అయితే సెకండుకు 500 క్వెరీలు. అదే క్వెరీ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచిక) లేక 200 మిల్లీసెకండ్లకు పాకితే 50. ఆకులు పెంచడం కన్నా బంతి త్వరగా లేచేలా చూడడం మేలు. అందుకని ముందు ఇండెక్స్‌లు సరిచేశాను. చీరకొక్కసారి చొప్పున ఫొటోల కోసం డేటాబేస్‌కు వెళ్ళే వెర్రితనాన్ని మాన్పించాను.

ఇంకొకటి, కనెక్షన్ కోసం 30 సెకండ్లు ఎదురుచూడమన్నది డేటాబేస్‌తో మాట్లాడడానికి నేను వాడే లైబ్రరీ ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌లోని మామూలు గడువు. ఫోన్ చేతిలో పట్టుకున్న మనిషి 30 సెకండ్లు ఆగడు. మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు, ప్రతి నొక్కుకూ ఒక కొత్త అభ్యర్థన వరుసలో చేరుతుంది, వెళ్ళిపోయినవారి ఆకుల్లో వడ్డన జరుగుతూ ఉంటుంది. గడువును 2 సెకండ్లకు దించి, ఒకేసారి లోపల ఉండగలవారి సంఖ్యకు టవర్ లైబ్రరీతో హద్దు పెట్టి, హద్దు దాటి వచ్చినవారికి ‘ఇప్పుడు సేవ అందదు’ అని చెప్పే 503 కోడ్‌తో వెంటనే ఒక చిన్న పేజీ పంపే ఏర్పాటు చేశాను. రస్ట్‌లో ఇది పది వరుసల పని. ఎంతమందికి హద్దు అన్నది తేల్చడానికే వారం పట్టింది.

రాసిన ప్రోగ్రామ్‌ను సర్వర్‌కు చేర్చే ముచ్చట క్లుప్తంగా చెబుతాను. 1 జీబీ సర్వర్ మీదే కంపైల్ చేయబోతే మెమరీ చాలక లినక్స్ మధ్యలోనే కంపైలర్‌ను చంపేసింది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద కంపైల్ చేసి పంపితే, లినక్స్ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల లైబ్రరీ విషయంలో అక్కడి పాత జీలిబ్‌సీకి ఇక్కడి కొత్తదానికి కుదరక నడవనని మొరాయించింది. దాని బదులు మసల్ (musl) అనే లైబ్రరీని లోపలే కలిపేసి, ఏ లైబ్రరీ మీదా ఆధారపడని ఒకే ఫైల్‌గా కట్టి, మెమరీ పంచే పనికి మాత్రం మిమ్యాలాక్‌ను జతచేస్తే కుదిరింది. ఇప్పుడు ఒక ఫైల్‌ను పంపి సర్వీస్‌ను తిరిగి మొదలుపెట్టడమే. ప్రతిసారీ కంపైల్ అయ్యేలోగా టీ తాగి రావచ్చు. దాన్ని నేను కష్టంగా లెక్కపెట్టను.

503 పేజీలో ఏమి రాయాలన్నదాని మీద బాబాయికీ నాకూ ఇంకా పేచీ ఉంది. అంగడికి వచ్చినవారిని తరువాత రమ్మనడం వ్యాపార లక్షణం కాదని ఆయన అంటాడు. నేను తెలుగులోనూ ఒడియాలోనూ ‘రద్దీగా ఉంది, ఒక నిమిషం ఆగి మళ్ళీ నొక్కండి’ అని పెట్టాను. ఆయన దాన్ని చెరిపించి, ‘ఈ బంతి నిండింది, మీకు తరువాతి బంతిలో ఆకు వేసి ఉంచాం’ అని రాయించాడు. ఒడియాలో ఆ మాటను ఎలా చెప్పాలో పక్కింటి మాస్టారిని అడగాలి.