ఉత్తరేణి గింజల్లా పట్టుకున్న దగ్గు

కార్తీకం చివర్లో మొదలైంది. ముందు ముక్కు కారడం, గొంతులో గరగర. కావలిలో చలి మొదలైతే మా ఇంట్లో ఇది మామూలే కదా అని మిరియాల కషాయం తాగి ఊరుకున్నాను. పది రోజులకి దగ్గు తెరలు తెరలుగా రాసాగింది. ఒక్కో తెరకు పదిహేను ఇరవై దగ్గులు, మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉండదు, చివరికి వాంతి. అర్ధరాత్రి కిటికీ ఊచ పట్టుకుని వంగిపోతే మా ఆయన వీపు రాస్తూ నిలబడేవారు. దగ్గర్లోని క్లినిక్‌లో అలర్జీ అని సిరప్ రాశారు. తగ్గలేదు.

నా భయం నా గురించి కాదు. పురుటికొచ్చిన కూతురు, ఏడు వారాల మనవడు అదే ఇంట్లో ఉన్నారు.

మూడో వారంలో నెల్లూరు వెళ్లాం. ముక్కు లోపలిదాకా పుల్ల పెట్టి నమూనా తీసి పీసీఆర్ పరీక్ష చేశారు. కోరింత దగ్గు! యాభై మూడేళ్లకు కోరింత దగ్గేమిటి, అది పిల్లల జబ్బు కదా అనుకున్నాను. టీకా రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుందట. పెద్దవాళ్లకు ఊపిరి పీల్చేటప్పుడు వచ్చే ఆ కూత ఉండకపోవచ్చు కూడా. నాకు లేదు.

"అజిత్రోమైసిన్ ఐదు రోజులు వేసుకోండమ్మా. ఆ తర్వాత మీ నుంచి ఎవరికీ అంటదు. దగ్గు మాత్రం కొన్ని వారాలు ఉంటుంది" అన్నారు డాక్టరమ్మ.

క్రిములు చచ్చాక దగ్గెందుకని అడిగాను. ఆమె కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. గాలిగొట్టం లోపలి గోడనిండా కంటికి కనబడని నూగు ఉంటుంది. నారుమడి గాలికి ఊగినట్టు అది అలలుగా కదులుతూ దుమ్మునీ కళ్లెనీ పైకి నెడుతుంది. బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే ఈ క్రిమి సరిగ్గా ఆ నూగునే పట్టుకుంటుంది. దాని ఒంటిమీద ఫిలమెంటస్ హీమాగ్లూటినిన్ అనే దారంలాంటి ప్రోటీన్, ఫింబ్రియే అనే సన్నని పోగులు, పెర్టాక్టిన్ అనే మరో ప్రోటీన్, అన్నీ పట్టుకోవడానికి పనికొచ్చేవే. చేనిగట్టున నడిచొస్తే ఉత్తరేణి గింజలు చీర కుచ్చిళ్లను పట్టుకుంటాయే, దులిపినా రాలవే, అచ్చం అలా. పట్టు దొరికాక విషాలు వదిలి నూగున్న కణాలను చంపుతుంది. నూగు పోయాక కళ్లె కదలాలంటే దగ్గాల్సిందే. మందు క్రిమిని చంపుతుంది గానీ నూగును మొలిపించలేదు. అది మెల్లగా మళ్లీ మొలవాలి.

అది విన్నాక నా దగ్గు మీద నాకు టెన్షన్ పోయింది. ఈ క్రిమిని 1906లోనే బోర్డే, జాంగూ అనే ఇద్దరు విడదీసి పెంచారని తర్వాత చదివాను. ఇన్నేళ్లయినా పసిబిడ్డలకు ఇది ప్రాణాంతకమే. నెలల పిల్లలు దగ్గకుండానే ఊపిరి ఆపేయవచ్చని డాక్టరమ్మ చెప్పినప్పుడు నా కాళ్లు చల్లబడ్డాయి. మనవడికి అప్పటికి టీకా ఒక్క డోసే పడింది. బాబుతో సహా ఇంట్లో అందరికీ మందు ఇచ్చారు. నేను వెనక గదిలో, మాస్కుతో. గోడ అవతల వాడు ఏడుస్తుంటే పాట పాడదామన్నా దగ్గొచ్చేది. కూతురు రాత్రుళ్లు వాడి రొమ్ము మీద చెయ్యి వేసుకుని మేలుకునేది. మూడు వారాలు గడిచాయి. వాడికి రాలేదు.

పద్నాలుగో వారం టీకాకు వాణ్ని నేనే ఎత్తుకెళ్లాను. మెట్లెక్కుతుంటే ఒక తెర వచ్చింది. మొహం పక్కకు తిప్పుకుని దగ్గాను. ఐదారు దగ్గులకే ఆగిపోయింది.