కొండ దిగడం పంటు దగ్గరే నేర్చుకోవచ్చు

“ల్యాండ్ క్రూజర్ ఉండగా కొండెంతండీ బాబాయ్?” అంటారు మస్కట్ వీసా చేతికొచ్చిన అమలాపురం కుర్రాళ్లు. ఎక్కడానికైతే నిజమే. గొడవంతా దిగేటప్పుడే.

ఒమన్‌లో హౌస్ డ్రైవర్‌గా చేరినవాడికి ఇవాళ కాకపోతే రేపైనా జబల్ అఖ్దర్ కొండ తప్పదు. కింద ఎండలు మాడ్చేస్తుంటే అర్బాబు, అంటే యజమాని, కుటుంబం చల్లదనం కోసం అక్కడికే బయల్దేరుతుంది. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు. ఫోర్ వీలు, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే రకం, కాని బండిని అక్కడే వెనక్కి తిప్పేస్తారు. పైన సైక్ పీఠభూమి సుమారు 2,000 మీటర్ల ఎత్తు. రోడ్డు మాత్రం నున్నటి తారు రోడ్డు. అదే మోసం. బావుంది కదాని బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగితే ముందు కాలిన వాసన వస్తుంది, తర్వాత పెడలు మెత్తబడి లోపలికి పోతుంది. బ్రేకు ఆయిల్ మరిగాక ఫోర్ వీలు ఉండి ఏం లాభం? బ్రేకులు చిన్న కారుకీ నాలుగే. అదుపు తప్పిన బండ్ల కోసం ఎత్తుకి పోయే పక్కదారులు కట్టింది ఊరికే కాదు.

ఈ పని మనకి కొత్తేం కాదు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీదికి కారు దించేవాణ్ణి చూడండి. ఫస్ట్ గేరులో, క్లచ్ జోలికి పోకుండా, బరువంతా ఇంజిన్ మీదే ఆపుతాడు. బ్రేకు మధ్యలో అలా తాకించి వదిలేస్తాడంతే. ఆ పది గజాల పనే కొండ పొడుగునా చెయ్యాలి. ఆటోమేటిక్ అయితే ‘డీ’లో వదిలెయ్యకుండా కింది గేరుకి లాగాలి. కాలిన డిస్కుల మీద నీళ్లు పొయ్యకూడదు, వంకర పోతాయి.

పైన దానిమ్మ తోటలు, ఏప్రిల్‌లో గులాబీలు. ఫలజ్ కాలువ నీళ్లు వంతులవారీగా వదులుతారు. దాళ్వా వంతుల దగ్గర మనం కొట్టుకున్నట్టు అక్కడ కొట్టుకోవడం నేనైతే చూళ్లేదు.

వాదీ అంటే కొండవాగు. వాదీ బనీ ఔఫ్ సంగతి వేరు. అల్ హమ్రా వైపు నుంచి ఎక్కి కొండ మీది షరఫత్ అల్ అలమైన్ వ్యూపాయింటు దాటాక, నేను వెళ్లినప్పుడు మట్టీ రాళ్లే. అక్కడ లో రేంజి, అంటే ఫోర్ వీలు బండికుండే నెమ్మది గేర్లు, వెయ్యాలి, ఎదురెక్కి వచ్చే బండికి దారివ్వాలి. అసలు భయం నీళ్లతో. గోదావరి భద్రాచలంలో పెరిగి, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇప్పించుకుని, చెప్పి మరీ వస్తుంది. వాదీకి ఆ మర్యాద లేదు. నెత్తిన ఎండ కాస్తుండగానే, ఎక్కడో పైన కురిసిన వాన ముంచుకొచ్చేస్తుంది. పారే వాదీలోకి బండి దించడం ఒమన్‌లో నేరం కూడా. కొండ మీద మబ్బు చూసి బండి వెనక్కి తిప్పితే మా అర్బాబు ఎప్పుడూ ఏమీ అనలేదు. వెనక సీట్లో పిల్లలే మొహాలు మాడ్చుకుంటారు.