ఐదున్నరకే చీకటి పడే ఊళ్లో, పెద్దమ్మ వాళ్లింట్లో ఆరు రోజులు

పెద్దమ్మ, పెద్దనాన్న అండమాన్‌లో మిషనరీలుగా ఉన్నారు, చూసొస్తా అని చెప్పగానే సికింద్రాబాద్‌లో మా లాలాగూడ గల్లీలో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఆ బాణాలేసే దీవికా?" 2018 నవంబరులో ఉత్తర సెంటినల్ దీవికి సువార్త చెబుతానని దొంగచాటుగా వెళ్లి ప్రాణం పోగొట్టుకున్న అమెరికా కుర్రాడి వార్త జనానికి అంత గట్టిగా గుర్తుండిపోయింది. ఆ దీవి దగ్గరికి పోవడమే నేరం, ఆదిమ తెగల రక్షణకి 1956 నుంచే చట్టం ఉంది, మావాళ్లు ఉండేది పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల మార్కెట్టు దగ్గర అని ఎంత చెప్పినా మా ఎదురింటి ఆంటీ మాత్రం "జాగ్రత్త బిడ్డా" అనే సాగనంపింది. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది, నా నోటికింకా రావట్లేదు.)

పెద్దనాన్న రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యారు, పెద్దమ్మ నర్సు. ఏడాదిన్నర ఉండి రమ్మని మా చర్చి సంఘం పంపింది. జీతం ఏమీ ఉండదు, అద్దె, తిండి, మందులు అన్నీ పెన్షన్ డబ్బుల్లోంచే. నాకొచ్చిన లిస్టులో ఉస్మానియా బిస్కెట్లు, గోంగూర పచ్చడి, బీపీ గోళీలు, పెద్దనాన్న చెవి మిషన్‌కి బ్యాటరీలు ఉన్నాయి. శంషాబాద్ నుంచి రెండుంబావు గంటల ఫ్లయిట్. దిగి, ఆటో ఎక్కి, సగం దారిలో ఉండగా గుర్తొచ్చింది, బ్యాటరీలు మా ఇంట్లో ఫ్రిజ్ మీదే ఉండిపోయాయి. ఆ సైజువి అక్కడ రెండు షాపుల్లో అడిగాను, లేవన్నారు.

మొదటి రోజు ఎనిమిదింటికి లేచా. లేచేసరికి ఇల్లంతా సద్దుమణిగి ఉంది, వాళ్ల ప్రార్థన, టిఫిన్, మార్కెట్టు అన్నీ అయిపోయి పెద్దమ్మ మధ్యాహ్నం కూర కూడా పొయ్యి మీంచి దించేసింది. గడియారం మనదే, సూర్యుడే మనవాడు కాదు. జనవరిలో కూడా ఆరు కాకముందే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకి లైట్లు వేసుకోవాలి. నేనేమో రాత్రి ఎనిమిదింటికి చాయ్ తాగి బయటికి పోదామనుకునే మనిషిని, అక్కడ ఆ టైమ్‌కి గల్లీలో కుక్కలు కూడా పడుకునే ఉన్నాయి.

ఇంట్లో మాటలన్నీ నీళ్ల చుట్టూ తిరుగుతాయి. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో నీళ్ల కరువేంటో నాకు మొదట అర్థం కాలేదు. వాన తగ్గాక ఊరు ముఖ్యంగా ధనీఖరీ డ్యామ్ మీదే ఆధారపడాలి, ఎండలు ముదిరే కొద్దీ నల్లా వచ్చే రోజుల మధ్య ఎడం పెరుగుతుంది. వాళ్ల గల్లీలో అప్పటికి రోజు విడిచి రోజు. "సికింద్రాబాద్‌లో కూడా అంతే కదా పెద్దమ్మా" అన్నాను. "అక్కడ ట్యాంకర్‌కి ఫోన్ చేస్తవు, ఇక్కడ ప్రార్థన చేస్తం" అంది డ్రమ్ము కడుగుతూ. నల్లా ఉండేది అరగంట. ఆ అరగంటలో పైపు పట్టుకుని నిలబడ్డప్పుడే గల్లీలో వాళ్లందరి కష్టాలూ ఆమెకి తెలుస్తాయి, ఎవరి మొగుడు సముద్రం మీద ఉన్నాడు, ఎవరి పిల్లకి జ్వరం, ఎవరింట్లో రాత్రి గొడవ. చర్చిలో అడిగితే ఎవరూ ఇవన్నీ చెప్పరు.

అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 లెక్కల్లోనే పదమూడు శాతం దాకా ఉన్నారు. జంగ్లీఘాట్ చుట్టుపక్కల ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన చేపల వేట కుటుంబాలు. తెల్లారేసరికి డుంగీలు, అంటే చిన్న పడవలు, ఒడ్డుకొస్తాయి, వంజరం ముక్క కోసం బేరాలన్నీ తెలుగులోనే. కానీ ఆ తెలుగు వేరు, మా పెద్దనాన్న తెలుగు వేరు. మొదటి ఆదివారం ఆయన వాక్యం చెప్పాక ఒక ముసలామె వచ్చి, "అయ్యగారూ, బాగా సెప్పినారు గానీ సగం హిందీలో ఎందుకు సెప్పినారు" అని అడిగిందట. ఆయన హిందీలో ఒక్క ముక్క చెప్పలేదు, అదంతా మన సికింద్రాబాద్ తెలుగే. కూరగాయల దుకాణంలో మాత్రం ఆయన "నక్కో, జరా కమ్ కరో" అంటే నవ్వి మరీ రెండు రూపాయలు తగ్గిస్తారు. షిప్పు లేటైతే ఉల్లిగడ్డ రేటు పైకి పోతుంది, అప్పుడు హైదరాబాదీ హిందీ కూడా పనిచేయదు.

ఆయన అక్కడికి వెళ్లింది బైబిల్ స్టడీలు పెట్టడానికి. జరిగేది ఇదీ: పొద్దున పది నుంచి వరండాలో కూర్చుని బ్యాంకు ఫారాలు, ఆధార్ తప్పులు, రేషన్ కార్డు అర్జీలు రాయడం. చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, పిల్లలు హిందీ, ఇంగ్లీష్ మీడియం. అందుకే సాయంత్రం పెద్దమ్మ అదే వరండాలో పదిమందికి అ ఆలు దిద్దిస్తుంది. వచ్చేవాళ్లలో సగం మంది మన సంఘం వాళ్లు కారు, దుర్గమ్మ గుడికి వెళ్లేవాళ్లే, దాని గురించి ఎవరికీ ఏ పేచీ లేదు. చెవి మిషన్ పనిచేయక నేనున్న ఆరు రోజులూ ప్రార్థన అవసరాలు ఆయనకి అరిచి చెప్పాల్సి వచ్చింది. "అప్పు తీరాలండీ అయ్యగారూ!" "ఆఁ?" "అప్పండీ, అప్పు!" అటుపక్క చేపలు ఎండబెట్టే ఆయన "ఎంతేటి?" అని అడిగేశాడు. తప్పు నాదే.

పెద్దమ్మ మధ్యాహ్నాలు జి.బి.పంత్ ఆస్పత్రిలో. నికోబార్ దీవుల నుంచి పెద్ద జబ్బులకి ఇక్కడికే తీసుకొస్తారు, తోడుగా ఒక్కరే వస్తారు, ఆ ఒక్కరు స్నానానికి వెళ్తే రోగి పక్కన కూర్చోవడానికి మనిషి ఉండరు. పెద్దమ్మ అలా కూర్చుంటుంది. ఒకరోజు నేనూ వెళ్లా. కార్ నికోబార్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ కళ్లు మూసుకుని సన్నగా పాడుకుంటోంది. భాష రాదు, రాగం తెలుసు, అది మేం ఇంట్లో తెలుగులో పాడుకునే కీర్తనే. పెద్దమ్మ తెలుగులో అందుకుంది. 2004 సునామీ వచ్చింది క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. ఆ రోజు ఆ ముసలావిడ ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుందని బయటికొచ్చాక చెప్పింది పెద్దమ్మ. ఇంటిదాకా ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు.

టూరిస్టులా తిరిగింది ఒక్క పూటే. రాస్ దీవి, 2018 నుంచి నేతాజీ పేరు. చర్చి మొండి గోడల్ని చెట్టు వేళ్లు పట్టేసుకున్నాయి, జింకలు మనుషుల్ని లెక్కచేయవు. అక్కడ కూర్చుని పెద్దనాన్న మొరేవియన్ల కథ చెప్పారు. 1768లో యూరప్ మిషనరీలు నికోబార్ వచ్చి, జ్వరాలతో ఒకరి తర్వాత ఒకరు చనిపోయి, 1787లో వదిలేసి వెళ్లిపోయారు. 1895లో మద్రాసు వైపు నుంచి వేదప్పన్ సోలమన్ కార్ నికోబార్ వచ్చి బడి పెట్టాడు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లాడే తర్వాత బిషప్ జాన్ రిచర్డ్‌సన్, నికోబారీ భాషలోకి కొత్త నిబంధన తెచ్చినాయన, మొదటి లోక్‌సభలో నామినేటెడ్ ఎంపీ కూడా. "వాళ్లు జ్వరంతో పోయిండ్రు, మనకి డోలో ఉంది" అన్నారు పెద్దనాన్న, మోకాలు రుద్దుకుంటూ. మళ్లీ పడవ ఎక్కడానికి మా ఇద్దరి చేతులూ పట్టుకోవాల్సొచ్చింది.

బయల్దేరే పొద్దున ఆటో వచ్చిన నిమిషానికే నల్లా వచ్చింది. ఒకే పైపు, నాలుగు డ్రమ్ములు. పెద్దమ్మ తడి చేత్తోనే నా తల నిమిరి, "పో, ఫ్లయిట్ పోతది" అని మళ్లీ డ్రమ్ము దగ్గరికి వెళ్లిపోయింది. పెద్దనాన్న ఏదో అన్నారు, నేను వందనాలు చెప్పాను, ఆయన "ఆఁ?" అన్నారు.

ఇంటికొచ్చాక బ్యాటరీలు స్పీడ్ పోస్టులో వేద్దామని కవర్ మీద అడ్రస్ రాస్తుంటే పెద్దమ్మ ఫోన్. ఎలాగూ పంపుతున్నావు కదా, కిలో చింతపండు కూడా పెట్టు అని.