రాత్రి బీపీ పరీక్ష: నిద్ర చెడితే అంకెలూ చెడతాయి

పగలు ఎప్పుడు చూసినా నా బీపీ మందులతో అదుపులోనే ఉండేది. రాత్రిళ్లు మాత్రం మాటిమాటికీ మెలకువ, లేస్తూనే తలనొప్పి, పగలంతా మగత. అందుకే డాక్టరు 24 గంటల బీపీ యంత్రం పెట్టించారు. నడుముకు చిన్న పెట్టె, జబ్బకు పట్టీ, మధ్యలో రబ్బరు గొట్టం. పగలు 20 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి పట్టీ బిగుస్తుంది.

పట్టీని మామూలుగా ఎడంచేతివాటం వాళ్లకు కుడిచేతికి, మిగతావాళ్లకు ఎడంచేతికి కడతారు. రెండు చేతుల బీపీకీ బాగా తేడా ఉంటే ఎక్కువ చూపే చేతికే కట్టాలి. లోపలి గాలి సంచి జబ్బ చుట్టుకొలతలో 80 శాతం దాకా రావాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. బిగుసుకోవడం మొదలవగానే చెయ్యి వదులుగా వేలాడేసి కదలకుండా ఉండాలి. కదిలితే కొలత తప్పి, కాసేపట్లో యంత్రం మళ్లీ ఊదుతుంది. రాత్రి నా నిద్ర ఎక్కువగా చెడింది ఈ రెండో ఊదుడుతోనే. గొట్టం ఒంటి కింద నలిగినా ఇదే జరుగుతుంది కనుక, దాన్ని భుజం మీదుగా తలవైపు పోనిచ్చి పెట్టెను దిండు పక్కన పెట్టుకోవాలి.

పడుకునే తీరు కూడా అంకెను మారుస్తుంది. పట్టీ ఉన్న చెయ్యి పైకి వచ్చేలా పక్కకు తిరిగితే అది గుండెకంటే ఎత్తులో ఉంటుంది. ప్రతి 10 సెంటీమీటర్లకూ 7, 8 పాయింట్లు తక్కువ చూపిస్తుంది. అది నిజంగా తగ్గిన బీపీ కాదు.

అన్నిటికంటే ముఖ్యం కాగితం మీద రాసే వేళలు. పక్క ఎక్కిన టైము కాదు, నిద్ర పట్టిన టైము, మెలకువలు, లేచిన టైము రాయాలి. యంత్రంలో రాత్రి అంటే 10 నుంచి 6 అని పెట్టి ఉంటే, 12 దాకా మేలుకున్నవాళ్ల పగటి కొలతలు రాత్రి సగటులో కలిసిపోతాయి. నా రిపోర్టును నేను రాసిన వేళల ప్రకారమే లెక్క కట్టించారు.

నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. నాకు పై అంకె పగలు 132, రాత్రి 128. రాత్రి సగటు 120/70 దాటితే ఎక్కువ కిందే లెక్క. అయితే పట్టీ వల్ల నిద్ర చెడ్డా బీపీ దిగదు, ఆ ఒక్క రాత్రిని చూసి మందు పెంచడం తొందరపాటు. నా విషయంలో గురక, ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం పట్టీ లేని రాత్రుల్లోనూ ఉన్నాయి. డాక్టరు నిద్ర పరీక్ష రాశారు. గంటకు 24 సార్లు శ్వాస ఆగడమో తగ్గడమో జరుగుతోందని తేలింది. 15 నుంచి 30 లోపైతే మధ్యస్థ స్లీప్ యాప్నియా. ఊపిరి ఆగినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోతుంది, గుండె వేగం పుంజుకుంటుంది, రక్తనాళాలు బిగుస్తాయి. ఇక బీపీ దిగేదెప్పుడు?

నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం మొదలుపెట్టాక మాస్కు అంచున గాలి కారి కళ్లు మండేవి. పట్టీలు బిగించడం కాదు, మాస్కు సైజు మార్చడంతో అది పోయింది. నోరు ఎండకుండా యంత్రం గాలికి తేమ చేర్చే నీళ్ల డబ్బా వాడాను. తలనొప్పి ముందు తగ్గింది, మగత తర్వాత. బీపీ అన్నిటికంటే నెమ్మది. కొన్ని నెలలకు మళ్లీ పెట్టించిన పరీక్షలో రాత్రి 121 వచ్చింది. 120కి ఇంకా పైనే ఉంది గనుక మందు ఆపలేదు, మాస్కుతో పాటు అదీ నడుస్తోంది.