చెరువు వైపు కిటికీ

చెరువు వైపు కిటికీ తెరిచి పడుకోవాలని ఆయన, మూసి ఏసీ వేయాలని నేను. ఈ తగవు మా ఇంట్లో కొత్త కాదు. ఈ రాత్రి మాత్రం చిన్న మీటరు మధ్యవర్తిత్వం వహించింది: గదిలో 32 డిగ్రీలు, బాల్కనీలో 29, బయటి గాలిలో తేమ 85 శాతం. ఆయనే గెలిచారు. అయినా ఆ 29 డిగ్రీల గాలి ఒంటికి ఎందుకు హాయినివ్వడం లేదన్న సందేహం నన్ను నిద్రపోనివ్వలేదు.

చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాల్లో అమ్మమ్మ కిటికీకి తడి దుప్పటి కట్టేది. అంచు నుండి కారిన చుక్కలు నేలమీద మడుగు కడితే, అందులో పాదాలు ఆనించి పడుకునేదాన్ని. గాలి వీచినప్పుడల్లా దుప్పటి ఉబ్బి మొహానికి చల్లగా తగిలేది. గాలిలో తేమ 20 శాతమే ఉంటే 40 డిగ్రీల వడగాలిలో సైతం తడిగుడ్డ 23 డిగ్రీల దాకా చల్లబడగలదు. ఇప్పుడు అదే దుప్పటి కడితే 27 దగ్గర ఆగిపోతుంది. చెమటదీ అదే అవస్థ: ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది, తేమ నిండిన గాలిలో అది ఆరదు.

కాబట్టి తప్పంతా చెరువుదేనని రాయడానికే కూర్చున్నాను. నీరు పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది కనుక, భూతాపం పెరిగేకొద్దీ ఈ ఉక్క ఇంకా బిగుసుకుంటుంది. చెరువుల వంటి చిత్తడినేలలను కాపాడేందుకు దేశాలు చేసుకున్న రామ్‌సార్ ఒప్పందం కింద 2018లో తొలిసారి కొలంబోతో సహా 18 నగరాలకు చిత్తడినేలల నగరాలన్న గుర్తింపు దక్కినప్పుడు సంబరపడిన నేనే, ఆ ఊళ్లలో పడకగదుల సంగతి ఎవరైనా అడిగారా అని విసుక్కున్నాను.

ఇంతవరకు రాసి, లేచి పడమటి గోడకు అరచేయి ఆనించాను. పొద్దుగూకి ఐదు గంటలైనా గోడ వెచ్చగానే ఉంది. గదిలో అదనంగా ఉన్న మూడు డిగ్రీలూ చెరువువి కావు, ఈ గోడవీ, పైనున్న శ్లాబువీ. చెరువు కనబడాలని పడమటి గోడకు పెద్ద అద్దాలు బిగించి, వాటిపైన జానెడు సన్‌షేడ్ కూడా వేయకుండా, వచ్చిన గాలి బయటికి పోవడానికి ఎదుటి గోడకు కిటికీ సైతం పెట్టకుండా కట్టిన బిల్డరును ఆనాడే నిలదీశాను. "వ్యూ కావాలన్నది మీరే కదా మేడమ్" అన్నాడు. అన్నది నేనే. అందుకే ఇంకా మంట.

పడకగది తలుపు బార్లా తీసి, వంటింటి కిటికీ కూడా తెరిచి వచ్చాను. మీటరు 31 చూపిస్తోంది. ఆయన నిద్రపోయారు, లేపి చెప్పదలచుకోలేదు.