లూసీ చేతిలో పళ్లెం

మాది ఫిరంగిపురం. కళ్లకు ఏ కాస్త ఇబ్బంది వచ్చినా మా అమ్మ పునీత లూసీకి మొక్కుకుంటుంది. ఆ మొక్కుల మధ్య పెరిగిన నేను కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్టునయ్యాను. ఫ్లోరెన్స్ వెళ్లే అవకాశం రాగానే, ఉఫీజీ మ్యూజియంలో ముందు దొమెనికో వెనెత్సియానో వేసిన లూసీ పటం దగ్గరికే వెళ్లాను.

1445 ప్రాంతంలో, ఆ ఊళ్లోనే ఉన్న లూసీ గుడి పీఠం కోసం చెక్క మీద వేసిన పటం. మనిషి కంటే ఎత్తు. మధ్యలో బాలయేసుతో మరియమాత. ఒక పక్క పుస్తకంలో మునిగిపోయిన ఫ్రాన్సిస్, మన కళ్లలోకే చూస్తూ తల్లీబిడ్డల వైపు చెయ్యి చూపిస్తున్న స్నాపక యోహాను. ఇంకో పక్క ఫ్లోరెన్స్ బిషప్పు జెనోబియస్, ఆ చివర లూసీ. ముఖం పక్కకు తిప్పి, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షి గుర్తుగా ఖర్జూరపు మట్ట పట్టుకుని నిలబడింది. పళ్లెంలో, కథల్లో ఆమె పోగొట్టుకున్నట్టు చెప్పే కళ్లు. నెత్తుటి చుక్క లేదు. ఎంత నెమ్మదిగా పట్టుకుందో!

నన్ను కదలనివ్వనిది మాత్రం ఆ ఎండ. అప్పట్లో పునీతుల వెనక బంగారు రేకు అద్దేవారు. ఈయన పొద్దుటి ఎండను లోపలికి రానిచ్చాడు. కుడివైపు పైనుంచి పడి, వెనక గోడ మీద ఏటవాలు నీడ గీసింది. లేత గులాబీ, లేత ఆకుపచ్చ, గోడ అవతల నారింజ చెట్లు. లూసీ అనే పేరుకు మూలం లాటిన్‌లో వెలుగు అనే మాటే కదా.

పటం అడుగున ఉండాల్సిన ఐదు చిన్న పలకలు విడిపోయాయి. రెండు వాషింగ్టన్‌లో, రెండు కేంబ్రిడ్జ్‌లో ఉన్నాయి. లూసీని చంపే దృశ్యం బెర్లిన్‌లో ఉంది. ఆమె ఇక్కడ, ఆమె చావు అక్కడ. నాకు చాలా బాధేసింది.

ఫొటో తీసి అమ్మకు వాట్సాప్‌లో పంపాను. అమ్మకు కుడికంటి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమకన్ను ఇంకా చేయించలేదు. శుక్లం ముదిరితే కంటి కటకం పసుపెక్కి, ఇలాంటి లేత రంగులు పసుపుగా, మసగ్గా కనిపిస్తాయి.

వీడియో కాల్‌లో అమ్మ ఒక్కో కన్నూ మూసి చూసింది.

"ఎడమకంటికి గోడంతా పసుపు పూసినట్టుందే. కుడికంటికి గులాబీ రంగు."

"గులాబీయే అమ్మా."

"అయితే రెండోది కూడా చేయించేయ్," అంది. ఆపరేషన్ మాట తనంతట తాను ఎత్తడం అదే మొదటిసారి.